ఉతికే బండ

రాజమణీ, నేను బాగున్నాను, ఫికర్ పడకు.

ఆదివారం రాలేకపోయాను. ఫలక్‌నుమాలో ఖైసర్ బేగం గారి తోటలో చిన్న కొలను కడుతున్నాను. అడుగున ఏం పరచాలో ఆమెకు తేలక పని ఆలస్యమైంది. నీలం టైల్స్, తెల్లరాయి, ప్లాస్టిక్ షీటు, అన్నిటి మీదా చెంబుతో నీళ్లు పోసి వంగి చూశారు. “దీంట్ల ఆస్మాన్ దిగుతలేదు, ఇశ్రాయేల్ భాయ్” అని, ఆకాశం కనబడని ప్రతిదాన్నీ పక్కన పెట్టించారు. నిన్న నల్లబండ మీద పోశారు. నీళ్లలోకి మబ్బు దిగింది, దాని వెనకే పావురాలు. ఆమె కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. నేనూ తాపీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మన పాప షారోన్‌కు దగ్గు తగ్గిందా? నా పాత దుప్పటి పంపు. అమ్మకు దండాలు, పిల్లకు ముద్దులు.

మన ఉతికే బండ తీసేసి సిమెంటు చేయిద్దామన్నావు. నేనొచ్చేదాకా తీయించకు. ఒకసారి దాని మీద చెంబెడు నీళ్లు పోసి చూడు. అదీ నల్లబండే. ఇన్నేళ్లూ మనం దాని మీద సబ్బు నురగే చూశాం.

నీ ఇశ్రాయేలు