వంతెన దగ్గర ఎదురునడక

వాగువనం పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వాగువనం కాలిబాటపై నిషేధిత దిశలో నడిచినందుకు రద్దయిన నా ఉదయపు నడక పాసును తిరిగి ఇప్పించుట గురించి. అట్లే సదరు దిశ గురించి.

తమ కార్యాలయం నుండి వచ్చిన తాఖీదు అందినది. దానికి జవాబుగా నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను వృత్తిరీత్యా ప్యాంట్ల దర్జీని. చూపు మందగించడంతో మిషను కట్టిపెట్టి ఇంటిపట్టున ఉంటున్నాను. తమ వనంలో మొదటినుంచీ నడుస్తున్న పాతవాళ్ళలో ఒకణ్ణి. ఇంతకాలంలో పువ్వు కోసి ఎరుగను, బెంచీ మీద పేరు చెక్కి ఎరుగను. ఒకసారి మాత్రం బాట మీదికొచ్చిన తాబేలును ఎత్తి అవతల పెట్టాను. జంతువులను తాకరాదని బోర్డు ఉన్నట్లు తరువాత చూశాను. మరునాడు ఇంకో తాబేలు ఎదురైతే అది దాటేవరకు నిలబడ్డాను. అది చాలాసేపు దాటింది.

2. తమకు తెలియనిది కాదు గాని, వనంలో కాలిబాట వాగుకు ఎడమ గట్టున వెళ్ళి, చివర చెక్క వంతెన దాటి, కుడి గట్టు మీదుగా మళ్ళీ గేటు దగ్గరికే వస్తుంది. ఇదివరకు ఎవరికి ఇష్టమైన వైపు వారు బయలుదేరేవారు. ఈ మధ్య నడకకు వచ్చిన ఇద్దరు మలుపులో గుద్దుకొని ఒకాయన కళ్ళజోడు వాగులో పడిన కారణంగా, అందరూ ఎడమ గట్టునుంచే బయలుదేరవలెనని, ఎదురు నడవరాదని తమరు ఉత్తర్వు జారీ చేసి, నేల మీద తెల్ల బాణాలు వేయించారు.

3. సదరు ఉత్తర్వు వల్ల నాకు కలిగిన ఇబ్బందులు: (అ) ఎడమ గట్టు ఎత్తుగా ఉండి నా మోకాలికి పడదు. (ఆ) ఆ వైపు వెళ్తే పొద్దుటి ఎండ సూటిగా కళ్ళలో కొడుతుంది. (ఇ) లకుముకిపిట్ట కుడి గట్టునే కూర్చుంటుంది, ఎడమనుంచి బయలుదేరి అక్కడికి చేరేసరికి అది లేచిపోతున్నది.

మా ఆవిడ ఇంతవరకు చదివి, "మోకాలు, పిట్ట... ఎందుకండీ ఇవన్నీ? అసలు సంగతి రాయండి," అన్నది. కొట్టివేతలతో అర్జీ పంపడం మర్యాద కాదు కనుక పై పేరా అలాగే ఉంచుతున్నాను. అసలు సంగతి రాస్తున్నాను.

4. నాకు ఒక అన్నయ్య ఉన్నాడు. ఆయన కోట్ల దర్జీ. ఒకప్పుడు ఇద్దరం ఒకే దుకాణంలో, ఒకే బల్ల మీద గుడ్డ కత్తిరించేవాళ్ళం. ఒకనాడు ఒక పెద్దమనిషికి అన్నయ్య కోటు తొడిగి చూపిస్తుండగా, ఎడమ చెయ్యి పొట్టిగా ఉందని నేను అన్నాను. ఆయన చెయ్యే పొడుగని అన్నయ్య అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఆ వారంలోనే దుకాణం మధ్యలో చెక్క అడ్డుగోడ లేచింది. అటు కోట్లు, ఇటు ప్యాంట్లు. సూటు కుట్టించుకోవాలంటే జనం ఒక గుమ్మంలోంచి బయటికొచ్చి రెండో గుమ్మంలోకి వెళ్ళాల్సి వచ్చేది.

అప్పటినుంచి మాకు మాటలు లేవు. అయినా ఆ గోడ పలచనిది. అవతల ఆయన మిషను చప్పుడు నాకు వినిపించేది. అది ఆగితే నేనూ ఆపి చెవి ఒగ్గేవాణ్ణి. మళ్ళీ మొదలైతే నా పని నేను చూసుకునేవాణ్ణి. కొన్నేళ్ళకు రోడ్డు వెడల్పు చేసేందుకు ఆ భవనం కూలగొట్టారు. ఆయన ఊరికి ఆ చివర, నేను ఈ చివర అయ్యాము. ఆ తరువాత ఆయన ఎలా ఉన్నాడో తెలిసే మార్గం నాకు తమ వనం ఒక్కటే.

5. ఎట్లనగా, అన్నయ్య కూడా తమ వనంలోనే నడుస్తాడు. ఆయన ఎడమనుంచి బయలుదేరితే నేను కుడినుంచి బయలుదేరేవాణ్ణి. వంతెన దగ్గర ఎదురుపడేవాళ్ళం. వంతెన ఒక మనిషికే సరిపోతుంది గనుక ముందు కాలు పెట్టినవాడు దాటేవరకు రెండోవాడు పక్కన నిలబడి వాగును చూడాలి. ఈ ఏర్పాటు గురించి మేమేమీ మాట్లాడుకోలేదు, దానంతటదే కుదిరింది.

ఆయన నన్ను చూడడు. నేను ఆయన చొక్కాను చూస్తాను. బొత్తాలు సరిగ్గా పెట్టుకున్నాడా, భుజాల దగ్గర గుడ్డ జారుతున్నదా, కాలరులో మెడ సన్నబడ్డదా. మనిషి చిక్కితే దర్జీ కంటికి ముందు తెలుస్తుంది, డాక్టరుకు తరువాత తెలుస్తుంది. ఆయన కూడా నా ప్యాంటు చూస్తాడని నా అనుమానం. ఒకసారి కాలి అంచు ఊడిన ప్యాంటుతో వెళితే గొంతు సవరించుకున్నాడు. ఆ ఏడాది మా మధ్య నడిచిన సంభాషణ మొత్తం అదే.

6. తమ బాణాలు వచ్చాక ఇద్దరం ఒకే వైపు వెళ్ళవలసి వచ్చింది. మొదటిరోజు ఆయన నా ముందు నడవనని గేటు దగ్గర నిలబడ్డాడు. నేను ఆయన ముందు నడవనని నిలబడ్డాను. వెనక జనం పోగయ్యారు. అక్కడ కాపలా ఉండే ఈలాయన (మెడలో ఈల ఉంటుంది గనుక అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు) వచ్చి, "పెద్దాయనా, లోపలికన్నా పదండి, బయటికన్నా పదండి. గుమ్మంలో ఏంటిది?" అన్నాడు.

"ఆయన్ని ముందు పొమ్మనండి," అన్నాను.

అన్నయ్య ఈలాయనతో, "చిన్నవాళ్ళు ముందు నడిస్తే పెద్దవాళ్ళకి కనిపిస్తూ ఉంటారని చెప్పండి," అన్నాడు.

ఈలాయన నావైపు తిరిగి, "విన్నారుగా?" అన్నాడు. విన్నాను. ముందు నడిచాను.

అప్పటినుంచి నాకు అన్నయ్య కనిపించడం మానేశాడు. వెనకనుంచి అప్పుడప్పుడు దగ్గు మాత్రం వినిపించేది. వెనక్కి తిరిగి చూడరాదని తమ ఉత్తర్వులో లేదు. కాని తిరిగి చూస్తే ఆయన కోసమే చూశానని ఆయనకు తెలిసిపోతుంది.

7. తాఖీదులో పేర్కొన్న సంఘటన నాడు అంతకుముందే వాన పడి వెలిసింది. వాగు ఎర్రగా, జోరుగా ఉంది. నేను వంతెన దాటి కుడి గట్టున కొంత దూరం వచ్చాను. అక్కడ వెనకనుంచి దగ్గు వినిపించాలి. వినిపించలేదు. నెమ్మదిగా నడిచాను, వినిపించలేదు. నిలబడ్డాను. చివరికి వెనక్కి తిరిగాను. బాట ఖాళీగా ఉంది.

నేను ఎదురు నడవడం మొదలుపెట్టగానే ఈలాయన అడ్డమొచ్చాడు.

"ఇటు రాకూడదు. బాణం చూడండి."

"మా అన్నయ్య పడిపోయాడు."

"చూశారా?"

"లేదు. దగ్గు వినిపించలేదు."

"దగ్గు తగ్గితే మంచిదే కదండీ? ఊరికే కంగారుపడకండి. అలా ముందుకెళ్ళి, గేటు దగ్గర తిరిగి, మళ్ళీ ఎడమనుంచి రండి. రూలు రూలే."

అలా వెళితే వనమంతా చుట్టి రావాలి. నేను ఆయన్ని పక్కకు తోసి వెళ్ళాను. తోసినమాట నిజం. తాఖీదులో ఆ సంగతి రాయకుండా విడిచిపెట్టినందుకు ఈలాయనకు కృతజ్ఞుణ్ణి. ఆయన ఈల వేసుకుంటూ నా వెనకాలే వచ్చాడు. అంటే ఆయనా నిషేధిత దిశలోనే నడిచినట్లు తమ దృష్టికి తెస్తున్నాను. ఫిర్యాదుగా కాదు.

8. అన్నయ్య వంతెన కింద నీళ్ళలో ఉన్నాడు. రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుని, రెండు చేతులతో వంతెన గుంజను కరుచుకొని ఉన్నాడు. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. నేను దిగాను. వాగులో దిగరాదన్న బోర్డు నాకు కనిపించింది. దాన్ని పట్టుకొనే దిగాను.

"చూస్తావేంట్రా, పట్టుకో," అన్నాడు అన్నయ్య. ఎన్నేళ్ళకో నాతో ఆడిన మొదటి మాట.

"ఎక్కడ పట్టుకోను?"

"చంకల కింద. ఛాతీ కొలత తీయడం రాదూ?"

"నావి ప్యాంట్లు కదా."

"అయితే నడుం పట్టుకో, నీ దుంపతెగ!"

నడుం పట్టుకున్నాను. మనిషి సగమైపోయాడు. అన్నాళ్ళు వెనక ఉంచి నడిచాను గనుక నాకు తెలియలేదు. ఆ మాట పైకి అనలేక, ఏదో ఒకటి అనాలని, "ఆ కోటు చెయ్యి పొట్టిదే," అన్నాను.

"పొట్టిదేరా! నాకు తెలీదా? నలుగురిలో అనాలా? చెవిలో చెప్పలేవూ?"

"చెబితే వినేవాడివా?"

"వినను! అయినా చెవిలోనే చెప్పాలి!"

ఈ లోగా ఈలాయన చెప్పులు విడిచి తానూ దిగి రాయి జరిపాడు. ముగ్గురం గట్టెక్కాము. ఎదురునడక, వాగులో దిగుట కాక తాఖీదులోని మూడవ ఆరోపణ, అంటే బిగ్గరగా మాట్లాడి పక్షులను బెదరగొట్టుట, పై సంభాషణకు సంబంధించినది. ఒప్పుకుంటున్నాను. ఒక కొంగ లేచిపోయిన మాట వాస్తవం.

9. అన్నయ్య చీలమండ విరిగింది. కట్టు కట్టారు. అది విప్పాక రోజూ మెల్లగా నడిపించాలని, పక్కన మనిషి తప్పనిసరని డాక్టరు చెప్పారు. వదినకు నడిచే ఓపిక లేదు. "బాబూ, నువ్వే తీసుకెళ్ళు. నేను చెబితే వినడు, నువ్వు చెప్పినా వినడు, కానీ నీతో అయితే పోట్లాడుతూ అయినా నడుస్తాడు," అన్నది. (ఇన్నేళ్ళూ వదిన, మా ఆవిడ ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నారని కూడా ఆ రోజే తెలిసింది. దానిపై వేరే విచారణ జరుగుతున్నది.) ఆయన పాసు చెల్లుతుంది, నాది చెల్లదు. నా పాసు పోయిందని ఆయనకు ఇంకా చెప్పలేదు.

కావున తమరు దయతలచి, (క) నా పాసును తిరిగి ఇప్పించగలరు. (ఖ) బాణాలు చెరిపించి, పూర్వంలా రెండు దిశలా నడవనివ్వగలరు. (గ) ఈలాయనపై ఎట్టి చర్యా లేకుండా చూడగలరు. తమరు పెద్దమనసుతో ఈ అర్జీని చిత్తగించవలెను. వీలయితే అన్నయ్య కట్టు విప్పేలోగా చిత్తగించవలెను.

ఇట్లు,
నియమాలు తెలిసీ తప్పిన, ఇకమీద తప్పకుండా ఉంటానని మాట ఇవ్వలేని,
తమ విధేయుడు,
ప్యాంట్ల దర్జీ

తాజాకలం: ఇది పంపేముందు అన్నయ్యకు చదివి వినిపించక తప్పలేదు. పాసు సంగతి తెలిసి నన్ను తిట్టాడు, తమను కూడా కొంచెం తిట్టాడు. తాను పడలేదని, జారానని రాయమన్నాడు, రాశాను. (ఖ) దగ్గరికి వచ్చేసరికి మంచం మీద లేచి కూర్చుని, "ఎదురెదురుగా నడిస్తే నన్ను పట్టుకునేదెవడ్రా?" అన్నాడు.

కనుక (ఖ)ను ఉపసంహరించుకుంటున్నాను. బాణాలు ఉండనివ్వండి. అయితే ఆయన చాలా మెల్లగా నడుస్తాడు, మాట్లాడాలంటే ఆగిపోతాడు, ఇప్పుడు చాలా మాట్లాడుతున్నాడు. బాట సన్నం గనుక వెనకవాళ్ళు దాటిపోలేరు. వాళ్ళు కాస్త ఓపిక పట్టేట్టు ఈలాయనతో ఒక మాట చెప్పించగలరు.