ఆరో మెట్టు, ఆఖరి ఎపిసోడ్

జూలై 6, ఆదివారం

ముప్పై మూడు క్యాసెట్లు. అన్నిటికీ బూజు. నేను పనిచేసే రిపేరు షాపులో స్క్రాప్ కింద పడున్న వీసీఆర్‌ని రెండు వారాలు విప్పి, బిగించి, బతికించాను. జుగ్సలాయిలో షాపు గౌరీశంకర్‌ది, చేతులు నావి. ఎవరూ నేర్పలేదు. యూట్యూబ్‌లో ఒక బ్రెజిల్ ముసలాయన స్క్రూడ్రైవర్ ఎక్కడ పెడితే నేనూ అక్కడ పెట్టాను. ఆయన భాష అర్థం కాలేదు, చెయ్యి అర్థమైంది.

తెలుగు రాయడమూ అలాగే నేర్చుకున్నాను. ఇది హిందీ ఊరు, చదివింది హిందీ మీడియం, అదీ పదో క్లాసు దాకా. బిర్సానగర్‌లో మా లైన్ మొత్తంలో ఈ నోట్‌బుక్ చదవగలిగేవాళ్లు లేరు. అమ్మకు ఏ అక్షరమూ రాదు. కాబట్టి తిట్లు కూడా నిశ్చింతగా రాసుకోవచ్చు.

క్యాసెట్లలో ఉన్నది ‘ఆరో మెట్టు’. నేను పుట్టకముందు మధ్యాహ్నం రెండింటికి వచ్చిన సీరియల్. ఇదే ఊళ్లో కాసిడీహ్ పేటలో లలితకుమారి మేడమ్ ఇంట్లో అమ్మ వంటపని చేసేది. మేడమ్ ఆ టైముకి స్కూల్లో పాఠం చెప్తూ ఉండేది. అందుకని మా అమ్మ దాలమ్మ అంట్లు ఆపి, చెయ్యి తుడుచుకుని, రికార్డు నొక్కేది. ఏడాది పైగా, సీరియల్ వచ్చిన ప్రతి రోజూ. సీడీలు వచ్చాక క్యాసెట్లన్నీ పాత సామాన్ల కబాడీకి వేసేయమంది మేడమ్. అమ్మ వేయలేదు. తట్టలో పెట్టుకుని నెత్తిన ఇంటికి మోసుకొచ్చింది.

జూలై 9

ఫేస్‌బుక్ గ్రూపులో రెండు నిమిషాల ముక్క పెట్టాను. హైదరాబాద్ నుంచి ఫోన్. సాకేత్ అట, ఏదో యాప్‌లో పని. ఆ సీరియల్ హక్కులు వాళ్లు కొన్నారట. కొన్నాక తెలిసిందట, బొమ్మే లేదని. ఛానెల్ వాళ్లు టేపులు మిగులుతాయని మాస్టర్ టేపుల మీదే వంటల ప్రోగ్రాములు రికార్డు చేసేసుకున్నారు. యు ఆర్ సిట్టింగ్ ఆన్ హిస్టరీ అన్నాడు. నేను కూర్చున్నది నూనె డబ్బా మీద.

ప్రతి ఎపిసోడ్ ముందు ‘భద్రపరిచినవారు’ అని ఒక పేరు వేస్తారట. దాలమ్మ అని చెప్పాను. స్పెల్లింగ్ కూడా చెప్పాను, రెండుసార్లు. ఆ ఒక్కటే నాకు కావాలి. ఇరవై ఏళ్లు ఆ ఇంటి గిన్నెల మీద వాళ్ల పేర్లే తోమింది. ఒక్క చోట తన పేరు పడాలి.

జూలై 14

ఒక్క ఎపిసోడ్‌కీ నంబరు లేదు. అన్నీ టైటిల్స్ మధ్యలో మొదలవుతాయి. ఎవరండీ ఇలా రికార్డు చేసింది అని సాకేత్ విసుక్కున్నాడు.

అమ్మకు గడియారం చూడడం రాదు. స్టీలు ప్లాంటులో రెండు గంటల భోంపు, అదే సైరను, మోగితే నొక్కేది. సీరియల్ వాళ్లు మా భోంపు కోసం ఆగుతారా? రోజూ అరనిమిషం పోయింది.

క్యాసెట్ల మీద లేబుళ్లూ లేవు. మరి వరస ఎలా? అమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. శారద ఉత్తరం సింపేసింది సూడు, ఆ దినం అమ్మగారింట్లో కాకరకాయ, అంటే వానలు మొదలవనేదు, ఇది ముందర ఎట్టు అంది. అత్త మూర్ఛొచ్చి పడిపోనాది కదా, ఆ వారం నాకు జొరం, జొరంతోటే నొక్కినాను, అది దసరా ఎల్లినాక అంది. మూడు రోజుల్లో ముప్పై మూడూ వరసలో పెట్టింది. రెండు వందల అరవై నాలుగు ఎపిసోడ్లు. సాకేత్ దగ్గర పాత కథ కాగితాలున్నాయి, సరిచూసుకుని ఒక్క తప్పూ లేదన్నాడు. మీ అమ్మగారు ఏం చదువుకున్నారండీ అన్నాడు.

ఫోన్ పెట్టేశాను.

జూలై 20

జోగమ్మ పిన్ని రోజూ సాయంత్రం వస్తోంది చూడడానికి. అమ్మా పిన్నీ ఒకే ఇంట్లో చేశారు. అమ్మది వంటిల్లు, పిన్నిది ఊడ్పులు. మేడమ్ సాయంత్రం క్యాసెట్ వేసుకుంటే పిన్ని గుమ్మంలో చీపురు పట్టుకుని చూసేదట.

2001లో ఏదో క్యాసెట్ పోయిందని మేడమ్ పిన్నిని తీసేసింది. సాక్చీ బజార్లో అమ్ముకుందని వాళ్ల వీధంతా చెప్పింది. ఆ తర్వాత కాసిడీహ్‌లో ఒక్క ఇల్లూ గుమ్మం తొక్కనివ్వలేదు. పిన్ని జుగ్సలాయి గోదాముల్లో చేరింది. ఇరవై ఏళ్లు వంగి, రాలిన గింజలు ఊడ్చింది. ఇప్పుడు నడుం లేవదు. స్క్రీన్ చూడాలంటే మెడ ఒక్కటే ఎత్తుతుంది, తాబేలులా.

ఆఖరిదెప్పుడేత్తావే గుంటా, శారద ఆ ఇంటి మెట్టు దిగిందో నేదో తెలకుండానే నాను పోవాలేటి అంది. ఆఖరిది లేదు పిన్నీ, ఆ రోజు కరెంటు పోయిందట అన్నాను. అమ్మ చెప్పిందే చెప్పాను.

జూలై 24

సాకేత్‌కి ఓనర్‌షిప్ లెటర్ కావాలట. క్యాసెట్లు ఏ ఇంటివో నేనే చెప్పాను, బుద్ధిలేక. వాడు మేడమ్‌కి ఫోన్ చేశాడు. మేడమ్ వెంటనే సంతకం పెట్టేసింది. క్యాసెట్లు కొన్నది ఆవిడ, వీసీఆర్ ఆవిడది, కేబుల్ ఆవిడది. పనిమనిషి బటన్ నొక్కింది అంతే కదా బాబూ, ఫ్యాన్ కూడా నొక్కేది అందట.

భద్రపరిచినవారు: శ్రీమతి లలితకుమారి, కాసిడీహ్.

నేను అరిచాను. అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. అమ్మగారివే కదేటి, ఒగ్గేయ్ అంది. ఇంత వెన్నెముక లేని మనిషి కడుపున ఎలా పుట్టానో అనుకున్నాను. అన్నాను కూడా.

జూలై 27

సాయంత్రం పిన్ని మళ్లీ ఆఖరిది ఎత్తింది. అమ్మ పరధ్యానంగా అంది: ఎక్కడ దిగుద్దే, అత్త సేతిలో తాళాలెట్టేసి, పసుపు సీర కొంగు దోపుకొని ఆ మెట్టు మీదే కూకుండిపోనాది.

పిన్ని నవ్వింది. నువ్వైతే నాటకాలు రాసేద్దువే దాలీ అంది.

నేను నవ్వలేదు. కరెంటు లేని ఇంట్లో పసుపు చీర ఎలా కనపడింది?

జూలై 28, ఉదయం 6.10

అమ్మ నీళ్లకు వెళ్లింది. ట్రంకు పెట్టె తీశాను. అడుగున, నాన్న స్వెటర్‌లో చుట్టి, ముప్పై నాలుగో క్యాసెట్. మీద ఇంగ్లీషులో నీట్‌గా రాసుంది: సిల్వర్ జూబ్లీ, బి. రావు.

అదే రోజు, షాపులో

వేశాను. మొదట శారద. తాళాలు, పసుపు చీర, మెట్టు. అయిపోయింది. ఒక్కసారి స్క్రీన్ మీద గీతలు. ఆ తర్వాత దండ వేసుకుని, మైకు ముందు భుజంగరావు గారు, మేడమ్ భర్త. పాతికేళ్ల సర్వీసు ఫంక్షన్. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. టేపులో ఆయన మిగిలింది పదకొండు నిమిషాలు. పోయిందన్న క్యాసెట్ ఇదే.

జూలై 29

అమ్మ అంతా చెప్పింది. ఖాళీ క్యాసెట్లు అయిపోయాయి. భోంపు మోగింది. టీవీ మీద ఒకటి కనపడింది, అదే పెట్టె, అదే రంగు. మీద ఏదో రాసుంది. అమ్మకు రాత అంటే గీతలే. నొక్కేసింది. అయ్యాక వేసి చూసుకుంటే అయ్యగారు దండతో నవ్వుతూ కనపడ్డారు. కొంగులో పెట్టుకుని ఇంటికొచ్చేసింది. కరెంటు పోయిందని చెప్పింది.

వారం తర్వాత వెతుకులాట. మేడమ్ అమ్మనే అడిగింది, జోగమ్మ గానీ తీసిందా అని. అమ్మ తెల్దమ్మా అంది. ఆ ఒక్క మాట చాలిపోయింది.

నువ్వు కడుపులో ఉన్నావే, మీ నాన్నని పనిలోంచి తీసేసినారు అంది. నన్ను అడ్డం పెట్టకు అన్నాను.

మూడు వారాలుగా ఎవరి పేరు కోసం కొట్లాడుతున్నానో నేను.

ఆగస్టు 3, ఆదివారం

పిన్నికి చెప్పమని అమ్మకు ఐదు రోజులు టైమిచ్చాను. ఈరోజు అమ్మే పిన్నిని పిలిచి, అమ్మే ప్లే నొక్కింది.

పిన్ని శారదను కన్నార్పకుండా చూసింది. సీరియల్ అయ్యాక ఆపలేదు అమ్మ. గీతలు వచ్చాయి, భుజంగరావు గారు వచ్చారు. పిన్ని మెడ అలాగే ఎత్తి పెట్టి చాలాసేపు చూసింది. మెడ నొప్పి పుడుతుందని కూడా మర్చిపోయింది.

తర్వాత అంది: ఆ రోజే నాకు సెప్పుంటే, నానే తీసినానని ఒప్పేసుకుందును దాలీ. ఎలాగూ నన్నే తీసేసినారు. ఇద్దరికీ తెల్సుంటే ఇద్దరం మోద్దుము. నానొక్కదాన్నే మోసినాను.

అమ్మ ఏడ్చింది. పిన్ని ఏడవలేదు. ఏటి కావాలి పిన్నీ అని నేనే అడిగాను. డబ్బులా గిబ్బులా, నాకేటీ వొద్దు, జోగమ్మ తియ్యలేదని అమ్మగారి నోటంట ఇనాల అంది.

ఆగస్టు 5

కాసిడీహ్. నేను సోఫాలో కూర్చున్నాను. అమ్మ ఇరవై ఏళ్ల కిందటి చోటే నేల మీద కూర్చుంది. లేమ్మా అంటే లేవలేదు.

మోసుకెళ్లిన వీసీఆర్‌లో క్యాసెట్ వేస్తే, భర్తను చూసి మేడమ్ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, అబద్ధం రాయను. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుంది. తప్పు నీదే దాలమ్మా, అయినా ఇన్నాళ్లకి ఆయన్ని చూపించావు, నేను మనసులో పెట్టుకోను అంది. జోగమ్మ పిన్ని సంగతి ఎత్తాను. ఆవిడింకా ఉందా అంది. పాతవి తవ్వుకుంటే ఎవరికి లాభం తల్లీ అంది.

తర్వాత నాతో, మెల్లగా: క్యాసెట్ ఇక్కడ వదిలేయండి, మాట కూడా ఇక్కడే వదిలేయండి. సాకేత్‌కి చెప్తాను, నా పేరు పక్కన మీ అమ్మ పేరూ వేస్తారు.

దాదాపు నెల రోజులుగా నేను అడిగింది సరిగ్గా ఇదే. నోట్లోకి సరే అన్న మాట వచ్చేసింది కూడా. సిగ్గులేకుండా రాస్తున్నాను.

అమ్మ లేచి క్యాసెట్ బల్ల మీద పెట్టింది. ఇది మీదమ్మా, తీసుకోండి, నా పేరు వొద్దు, జోగిని ఒకపాలి పిలిపించండి అంది. మేడమ్ చూస్తాలే అంది. టీ తాగి వెళ్లండి అని కూడా అంది.

తాగలేదు. నాకు తెలిసి ఆ ఇంట్లో అమ్మ వద్దన్న మొదటి టీ.

ఆగస్టు 7

పిలిపించలేదు.

ఆగస్టు 8, మధ్యాహ్నం

యాప్‌లో సీరియల్ వచ్చింది. 264 దగ్గర ఆగిపోయింది. ప్రతి ఎపిసోడ్ ముందు మేడమ్ పేరు. ఆఖరిది నా దగ్గర కాపీ ఉందని సాకేత్‌కి చెప్పాను. జోగమ్మ తియ్యలేదని ఒక లైన్ వేస్తేనే ఇస్తానన్నాను. లీగల్ వాళ్లు ఒప్పుకోరండీ అన్నాడు.

అయితే నేనే యూట్యూబ్‌లో పెట్టాను. కట్ చేయకుండా, భుజంగరావు గారితో సహా. తీయించేస్తారని తెలుసు. తీసేదాకా ఉంటుంది. టైటిల్ అమ్మ చెప్పింది, నేను టైప్ చేశాను: ‘ఆరో మెట్టు ఆఖరి ఎపిసోడ్. ఈ క్యాసెట్ జోగమ్మ తియ్యలేదు. దాలమ్మ తీసింది.’

అమ్మ పేరు పడింది.

ఆగస్టు 10

నలభై ఒక్క మంది చూశారు. ఒక్క కామెంట్. ఎవరో గుంటూరావిడ: అన్ని ఎపిసోడ్లూ చూశానండీ, ఈ జోగమ్మ క్యారెక్టర్ ఎక్కడ వస్తుంది, నేను మిస్సయినట్టున్నాను.

పిన్ని పక్కనే కూర్చుంది. ఏటి రాసినారే, సదువు అంటోంది.