తన్నూస్ నోరు జారిన మాట

జూన్ 29
మెట్ల కింద థర్మామీటర్ పెట్టాను. ఇరవై ఆరు. నా భార్య నజ్లా అయితే గోడకు అరచెయ్యి ఆనించి చెప్పేసేది.

జూలై 2, ఉదయం
నజ్లా చెల్లెలు వార్దే వచ్చింది. నన్ను పలకరించకుండానే మెట్ల కిందికి వెళ్లి, బుట్టలో కూర్చోబెట్టిన పెద్ద గాజు సీసా ముందు గొంతుక్కూర్చుంది. ఇరవై లీటర్ల వైన్. కిందటి సెప్టెంబరులో కొండమీది మా తోటలో నజ్లా తన చేత్తో ద్రాక్ష కోసి, తొక్కి, పులియబెట్టి నింపింది. గాలి తగలకుండా మెడ దగ్గర వేలెడు మందాన ఆలివ్ నూనె పోసింది. ఫిబ్రవరిలో పోయింది. సీసా అలాగే ఉంది.

బావా, జూలై మొదటి ఆదివారం అక్క దీన్ని తెరిచేసేది, నువ్వేమో కాపలా కాస్తున్నావు అంది. ఈ ఎండలకి ఆగస్టులోపే వెనిగర్ అయిపోతుంది, అప్పుడు మా అక్క వైన్‌ని సలాడ్‌లో పిండుకు తింటావా అంది.

నూనె తీశాక వారంలో తాగెయ్యాలి. తాగేస్తే ఇక లేదు. ఇది పైకి అనలేదు. చూద్దాం అన్నాను.

చూడ్డానికేముంది, అదేమన్నా సినిమానా అంది.

జూలై 4
ఇరవై లీటర్లు ఒక్కడు తాగేది కాదు. ఏటా ఆ ఆదివారం తన్నూస్ పొద్దున్నే తన పడవలోంచి బిజ్రీ చేపలు తెచ్చేవాడు. వేలంత కూడా ఉండవు. నజ్లా పిండిలో దొర్లించి వేయిస్తే తలతో సహా కరకరలాడేవి. ఆ చేపలు లేకుండా ఆ సీసా తెరవడం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

ఫిబ్రవరి తర్వాత తన్నూస్ మా గడప తొక్కలేదు.

మామూలు రోజుల్లో ఎవరింట కాఫీ తాగినా కప్పు కింద పెడుతూ దాయిమె అంటాం. ఎప్పటికీ ఇలాగే ఉండాలని ఇంటివాళ్లను దీవించడం. చావింట్లో మాత్రం ఆ మాట నోట రాకూడదు. చక్కెర లేని కాఫీ తాగి, దేవుడు ఆమెను కరుణించుగాక అని లేచిపోవాలి. నజ్లా పోయిన రెండో రోజు తన్నూస్ రాత్రంతా వలల దగ్గర ఉండి తిన్నగా మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగాడు. కప్పు పెట్టాడు. దాయిమె అన్నాడు.

గదిలో నలభై మంది. జపమాలల చప్పుడు ఆగిపోయింది. నేను అతని వైపు చూశాను. ఎలా చూశానో తెలియదు. టోపీ కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

టోపీ ఇంకా మా కొక్కేనికే ఉంది.

జూలై 7, ఆదివారం
తెరవలేదు.

జూలై 10
మా ఊరు బత్రూన్ నిండా వేసవికి దిగిన బేరూత్ వాళ్ల కార్లే. రేవు దాకా నడిచి వెళ్లాను. తన్నూస్ వల కుడుతున్నాడు. నన్ను చూడగానే ఇంజన్లోకి తల దూర్చాడు. ఆ ఇంజన్‌కి ఏ రోగమూ లేదు. నేను కూడా అలలకి అడ్డంగా ఉన్న పాత సముద్రపు గోడను మొదటిసారి చూస్తున్నవాడిలా చూస్తూ నిలబడ్డాను. అరవై దాటిన మగవాళ్లం ఇద్దరం.

జూలై 12
వార్దే టొమాటోలు, దోసకాయలు తెచ్చింది. తన్నూస్ కబుర్లు కూడా తెచ్చింది. ఆ రోజు నుంచి అతను ఎక్కడా కాఫీ ముట్టడం లేదట. సొంత కూతురి నిశ్చితార్థంలో వియ్యంకుడు కప్పు అందిస్తే మంచినీళ్లు చాలు అన్నాడట. మా ఇంటి కాఫీ పనికిరాదా అని వాళ్లు మొహం మాడ్చుకున్నారట. రేవులో కుర్రకారు, తన్నూస్ బాబాయ్, నాలుకకి లంగరు వేశావా అని ఏడిపిస్తున్నారట.

చెబుతూ వార్దే నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత చాలాసేపు ఆమె దోసకాయ చెక్కు తీస్తూనే ఉంది.

జూలై 15
ఇరవై తొమ్మిది.

జూలై 18, ఉదయం ఆరు
పడవ తాడు కడుతుంటే తన్నూస్‌ని పట్టుకున్నాను. నీ టోపీ మా ఇంట్లో ఉంది, ఆదివారం మధ్యాహ్నం వచ్చి తీసుకో అన్నాను. చేతులూపుకుంటూ రాకు అని కూడా అన్నాను.

తాడు వదల్లేదు. వద్దు మాస్టారూ, నా నోరు మంచిది కాదు అన్నాడు.

నీ నోటితో నాకేం పని, చేపలతో పని అన్నాను.

తాడు ముడి బిగించాడు. బిజ్రీ ఒక్కటే చాలా, ఎర్ర చేపలు కూడా తేవాలా అన్నాడు.

జూలై 21, ఆదివారం, సాయంత్రం
నజ్లా చేసినట్టే చేశాను. మెత్తటి రొట్టె ముక్క తీగకు గుచ్చి, సీసా మెడలోకి దించి, నూనె పీల్చి తీశాను. నాలుగు ముక్కలు పట్టాయి. వార్దే సీసా పట్టుకుని, ఊపిరి తీసుకో బావా, పేలదులే అంది. నూనె పీల్చిన మొదటి రొట్టె ఏటా నజ్లాయే తినేది. అది పళ్లెంలో పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు. చివరికి నేనే తిన్నాను. ఆలివ్ వాసన, అడుగున ద్రాక్ష.

వెనిగర్ కాలేదు.

నల్లటి ఎరుపు. గ్లాసులో పోస్తే బాల్కనీ వెలుతురుకి అంచు మాత్రం దానిమ్మ గింజలా మెరిసింది. మొదట వగరు. తర్వాత ఎండిన వాము ఆకు, వాన పడిన కొండరాయి. మింగాక ఎక్కడో మల్బరీ తీపి. లేబుల్ ఉన్న ఏ వైన్‌లోనూ నేనిది చూడలేదు. నజ్లాకి కాలేజీ చదువు లేదు, కొలత గ్లాసు లేదు. నాలుకే ఆమె టెస్ట్.

తన్నూస్ ఎర్ర చేపల పొట్ట బొటనవేలితోనే శుభ్రం చేశాడు. ఆ మొద్దు చేతులు ఒక్క ముల్లు విరగనివ్వలేదు. వార్దే నువ్వుల ముద్దలో నిమ్మకాయ పిండి గిలక్కొట్టింది. బిజ్రీ పిడికెడేసి తిన్నాం. అంత బాగున్నాయి.

తన్నూస్ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. అలవాటుగా నోరు తెరుచుకుంది. ఠక్కున మూసి, పెదాలు లోపలికి మడిచేశాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు.

దాయిమె, అన్నాను నేను.

అతను తలెత్తాడు. మాస్టారూ, అది వచ్చినవాళ్లు అనాలి, ఇంటాయన అనడమేంటి అన్నాడు.

మరి అను అన్నాను.

అన్నాడు. సగమే వినపడింది. మళ్లీ అన్నాడు. మూడోసారి రేవు దాకా వినపడేలా అన్నాడు. చాల్లే, అక్క లేచి వస్తుంది అంది వార్దే. అని, కళ్లు తుడుచుకుంటూ సీసా వంచింది.

జూలై 28
సీసా ఖాళీ. కడగలేదు. తన్నూస్ వారమంతా వచ్చాడు. టోపీ మళ్లీ మరిచిపోయి వెళ్లాడు.