వంకర ద్వారబంధం

చెల్లెమ్మకి అన్నయ్య దీవెనలు.

నిన్న ఒక ద్వారబంధం పాడుచేశాను. నిలువు చెక్క నడుమ ఉబ్బినట్టు కనబడితే చిత్రిక పట్టాను. పట్టినకొద్దీ ఉబ్బు అక్కడే ఉంది. మీ వదిన కొలబద్ద ఆనించి చూసి, "తిన్నటి చెక్కకి గుంట పెట్టారు కదండీ" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంకోటి. మొన్న మీ ఇంటికొస్తే నా ముఖం చూసి మాట్లాడలేదు నువ్వు. పక్కగోడతో మాట్లాడినట్టు మాట్లాడావు. మనసులో ఏమన్నా ఉంటే చెప్పెయ్.

అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

ఒక కన్ను మూసుకుని కిటికీ ఊచలు చూడు. తర్వాత రెండోది మూసుకుని చూడు. ఏ కంటికైనా ఊచలు వంగితే ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్ళు. మన వయసులో కంటి వెనక పొర కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారతాయట. కళ్ళజోడుతో పోయేది కాదు.

కోపం ఏమీ లేదు.

నీ చెల్లెలు

*

చెల్లెమ్మా,

కుడి కంటికి వంగాయి. నువ్వు చెప్పిన జబ్బే. డాక్టరమ్మ నెలనెలా సూది వెయ్యాలంది. కంట్లో. ఎన్నాళ్ళో ఇప్పుడే చెప్పలేనంది. పడుకోబెట్టి రెప్పలకి క్లిప్పు పెట్టబోతుంటే లేచి వచ్చేశాను. నా చెప్పులు పట్టుకుని మీ వదిన వెనకాలే పరుగు. "ఉలి దిగితే వేలు ఊదుకుని పనిచేసే మనిషి" అని వీధంతా చెబుతోంది. వేలు వేరు. రెండో కంటితో సర్దుకుంటాను.

నీకివన్నీ ఎలా తెలుసు? ఉత్తరం నీ కోడలి చేతిరాతలో ఉందేం?

అన్నయ్య

*

అన్నయ్యకి,

కోడలి చేతే రాయిస్తున్నాను. నాదీ ఆ పొర జబ్బే, ఎండు రకం. కారదు, అరిగిపోతుంది. రెండు కళ్ళకీ వచ్చింది. నాకూ ఆ సూది వెయ్యమని డాక్టరు చెయ్యి పట్టుకున్నాను. కారే రకానికే అది, మీకు పనిచెయ్యదన్నాడు.

ఆసుపత్రిలో నా పక్క కుర్చీలో ఉన్నామెది కారే రకం. చుక్కల మందుకి కన్ను మొద్దుబారాక ఒక నొక్కు తెలిసిందంతే అంది. పోయిన చూపంతా రాకపోయినా ఉన్నది నిలవచ్చట. ఆమెని చూసి కుళ్ళుకున్నాను.

ఎదురుగా చూస్తే మనిషి ముఖం ఉండేచోట మసి. పక్కకి తిరిగితే అంచులు దొరుకుతాయి. ఆ రోజు గోడవైపు తిరిగింది నిన్ను చూద్దామనే. చెవులు కనబడ్డాయి. నాన్న చెవులే.

సర్దుకుంటానన్న నీ మాట కోడలి చేత రెండుసార్లు చదివించుకున్నాను. ఈ ఉత్తరం వెనకే నేనూ కోడలూ బయలుదేరుతున్నాం. ఆ సూది గది గుమ్మంలో కూర్చుంటాను. పారిపోతే చెవులు పట్టుకుంటాను. అవి కనబడతాయి.

నీ చెల్లెలు