మూడు బ్యాలెట్లు

అక్టోబర్ 3, గురువారం

ఆ రెండు వార్తా చానెళ్ళ పేర్లు ఈ నోట్‌బుక్‌లో రాయను. పోటీ చేస్తున్నవాళ్ళ పేర్లూ రాయను. పొద్దస్తమానం చెవులు చిల్లులు పడేలా వింటూనే ఉన్నాను, ఇక్కడ కూడా ఎందుకు వాళ్ళ గోల. మా చానెల్, వాళ్ళ చానెల్. మా పార్టీ, వాళ్ళ పార్టీ. అంతే చాలు.

ఇవాళ ఎలక్షన్ బోర్డు ఆఫీసులో ట్రైనింగ్. నాకిది ఇరవై రెండో ఏడు. మళ్ళీ అదే పాఠం. ఏ పనికైనా ఇద్దరు, ఒకరు ఆ పార్టీ, ఒకరు ఈ పార్టీ. పెట్టె మోసినా ఇద్దరు, సీలు తీసినా ఇద్దరు, ఎక్కడికెళ్ళినా ఇద్దరూ ఒకే కారులో. బాత్రూమ్‌కి మాత్రం విడివిడిగా వెళ్ళొచ్చని డెల్బర్ట్ గారు ఏటా వేసే జోకు ఈ ఏడూ వేశారు. ఎవరూ నవ్వలేదు. ఆయన అది వేయకపోయుంటే మాత్రం నేను కంగారుపడేదాన్ని.

డెల్బర్ట్ గారిది వాళ్ళ పార్టీ. తొమ్మిదేళ్ళుగా నా జంట ఆయనే. ఈసారి మాకు వృద్ధులు, రోగులు ఉండే నర్సింగ్ హోములు పడ్డాయి. కదల్లేనివాళ్ళ దగ్గరికి మేమే బ్యాలెట్ పట్టుకెళ్ళాలి. చెయ్యి పనిచేయని వాళ్ళకి, వాళ్ళు చెప్పిన పేరు పక్కనుండే సున్నా గడిని పెన్నుతో మేమే నింపాలి. సలహా ఇవ్వకూడదు, మొహం చిట్లించకూడదు, వార్తల ఊసు ఎత్తకూడదు. బ్యాలెట్ మీద ఉన్నది తప్ప ఇంకేం మాట్లాడకూడదు. ఎవరు ఎవరికి వేశారో చచ్చినా బయటపెట్టకూడదు. చెయ్యెత్తి ప్రమాణం చేశాం.

అక్టోబర్ 6, ఆదివారం

ఇవాళ మనిషన్నవాడితో ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి ఏడింటికి టీవీలో వార్తలకొచ్చే ఆ నీలం టై ఆయన, మీకు తెలుసు కదా అన్నాడు. తెలుసు నాయనా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సూప్ డబ్బా ఒకటి వేడి చేసుకున్నాను. సగం మిగిలింది.

అక్టోబర్ 10, గురువారం

హోములో ఓటు వేసేవాళ్ళ లిస్టు ఇచ్చారు. పద్నాలుగు మంది. పదకొండో పేరు వెండెల్ స్టకీ. రూము 118. పక్కన గమనిక: కుడి చెయ్యి పనిచేయదు, సాయం కావాలి.

వెండెల్ మా అన్నయ్య.

కాగితం పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఏం ఆర్డిత్ గారూ, ఒంట్లో బాగాలేదా అన్నారు డెల్బర్ట్ గారు. కళ్ళద్దాలు మారాయండీ అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

మాకు మాటల్లేక మూడేళ్ళవుతోంది. థాంక్స్‌గివింగ్ పండగ రోజు, నా ఇంట్లోనే. ఎక్కడో ఊరేగింపు జరిగింది. మా చానెల్లో వేలమంది అన్నారు, వాళ్ళ చానెల్లో వందలమంది అన్నారు. రిమోట్ అటూ ఇటూ లాక్కుంటూ అదే వీధిని రెండు చోట్లా చూశాం. మీవాళ్ళు కింద నుంచి తీసి జనం కిటకిటలాడుతున్నట్టు చూపిస్తారు అన్నాడు. మీవాళ్ళు అందరూ ఇళ్ళకెళ్ళిపోయాక కెమెరా పెడతారు అన్నాను. పండగకి వండిన టర్కీ కోడి చల్లారిపోయింది. నీకు మెదడు ఉండేదే, ఎవరికి అద్దెకిచ్చావు అన్నాడు. అప్పుడు నేనన్నాను, నీతో మాట్లాడటం టీవీతో మాట్లాడటం లాంటిదేరా, దానికైతే నోరు మూసే బటన్ ఉంది అని. ఆ మాట నేనే అన్నాను. వాడు కోటు వేసుకున్నాడు. తను తెచ్చిన పీకాన్ గింజల తీపి వంటకం, అదీ సగం తిన్నది, రేకు కప్పి మరీ పట్టుకుపోయాడు.

ఫోన్ వాడు చేస్తాడని చూశాను. వాడూ నేను చేస్తానని చూసుంటాడు. మొండితనంలో ఇద్దరం మా నాన్న పిల్లలమే.

అక్టోబర్ 11, శుక్రవారం

ఆరిజోనాలో ఉన్న వాడి కూతురు డెనీస్‌కి ఫోన్ చేశాను. జులైలో పక్షవాతం వచ్చిందట. చెప్పొద్దని నాన్నే అన్నాడు అత్తా అంది. తనకే రావాలనిపిస్తే వస్తుందిలే అన్నాడట. ఏం తెలుసని వస్తాను? ఎవరు చెప్పారని? ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

అక్టోబర్ 13, ఆదివారం. మధ్యాహ్నం 2:00

హోముకి బయల్దేరుతున్నాను.

2:50

పార్కింగ్‌లో ఇరవై నిమిషాలు కూర్చుని తిరిగి వచ్చేశాను. తలుపు తీసుకుని లోపలికెళితే తప్పు ఒప్పుకున్నట్టే. వాడు ఆ టర్కీ ముందు కూర్చున్నట్టే కూర్చుని, వచ్చావా, దారిలోకి వచ్చావా అంటాడు. నాకు తెలుసు వాడి సంగతి.

మంచమ్మీద ఉన్నవాడి గురించి ఇలా రాస్తున్నాను చూడు. సిగ్గులేదు నాకు.

అక్టోబర్ 15, మంగళవారం

ఆఫీసులో అడిగాను. సొంత అన్నయ్య అయినా పర్వాలేదట, అవతలి పార్టీ మనిషి పక్కనుంటే చాలట. కావాలంటే మీ బదులు ఇంకొకర్ని పంపుతాం అన్నారు. అక్కర్లేదన్నాను. నిజం చెప్పాలంటే బ్యాడ్జి మెడలో వేసుకుని వెళ్ళడమే నాకు కావాలి. నేను వచ్చినట్టూ ఉండదు, రానట్టూ ఉండదు. కౌంటీ ఆఫీసు పంపితే వచ్చాను. వాడు ఏమన్నా కౌంటీని అన్నట్టే.

అక్టోబర్ 22, మంగళవారం

చెయ్యి నొప్పిగా ఉంది గానీ ఇవాళే రాసేయాలి.

పొద్దున తొమ్మిదిన్నరకి డెల్బర్ట్ గారు వచ్చారు. ఆయన కారు. దారిలో రేడియో పెట్టరు, అది మా ఇద్దరి ఒప్పందం. వేరుశనగ వెన్న రాసిన బిస్కట్లు తింటూ, మీ చానెల్ వాళ్ళు ఆ వరద గురించి ఒక్క ముక్కన్నా చూపించారా అని అడిగారు. మీవాళ్ళు వరద తప్ప ఏం చూపించారు అన్నాను. అదీ నిజమే అన్నారు, ఇంకో బిస్కట్ నా వైపు జరిపారు. పరాయివాడితో ఇంత సుఖంగా పోట్లాడతాను. సొంత అన్నతో ఎందుకు చేతకాలేదో నాకే అర్థం కాదు.

హోములో హాలు దాటి వెళ్ళాలి. పెద్ద టీవీ, దాని ముందు ఇరవై వీల్‌చెయిర్లు. ఉన్నదేమో వాతావరణం చానెల్. అక్కడి నర్సమ్మ చెప్పింది, ఆగస్టులో మీ 118 గారు వచ్చాక రిమోట్ కోసం యుద్ధాలు మొదలయ్యాయి, ఒకరి పుడింగ్ ఇంకొకరి చొక్కా మీద పడింది, అప్పట్నుంచి ఇదొక్కటే పెడుతున్నాం అని. బయట ఎండ కాస్తోంది. లోపల ఇరవైమందీ ఎక్కడో టెక్సాస్‌లో పడబోయే వడగళ్ళ గురించి బెంగపెట్టుకుని కూర్చున్నారు. నాకు నవ్వొచ్చింది. అంతలోనే 118 వచ్చేసింది.

మనిషి సగమయ్యాడు. నోరు ఒక పక్కకి లాగేసింది. కుడి చెయ్యి దిండు మీద పెట్టి ఉంది, ఎవరిదో తెచ్చి అక్కడ ఉంచినట్టు. బ్యాడ్జి సర్దుకుని, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. మీ పూర్తి పేరు చెప్పండి అన్నాను. అన్నయ్యతో.

వెండెల్ క్లేటన్ స్టకీ అన్నాడు, ఒక్కో ముక్కా కూడబలుక్కుని. పుట్టిన తేదీ అన్నాను. చెప్పాడు. ఆ రోజుకి తనింకా పుట్టలేదు గానీ ఈ మేడమ్ గారికి అది బాగా తెలుసు అని డెల్బర్ట్ గారితో అన్నాడు. సున్నాలు ఎవరు నింపాలో మీరే చెప్పాలి, మా ఇద్దరిలో ఎవరైనా సరే అన్నారు డెల్బర్ట్ గారు. వాడి పార్టీ మనిషి పక్కనే ఉన్నాడు. వాడు గడ్డంతో నన్ను చూపించాడు. అది నింపుతుంది, గీత దాటదు అన్నాడు.

మొదటి పదవికి పోటీ చేస్తున్నవాళ్ళ పేర్లు చదివాను. వాడు పేరు చెప్పాడు. ఎవరి పేరో రాయను, ప్రమాణం చేశాను. నా చేత్తో నింపాను. మూడేళ్ళుగా ఏ పేరు వింటే టీవీ మీదకి చెప్పు విసరాలనిపించేదో, దాని పక్కన సున్నా ఎక్కడా తెలుపు లేకుండా నింపాను. ఇది కూడా రాసుండకూడదు. రాశాను, అయిపోయింది.

తర్వాత మొదలైంది. జిల్లా జడ్జీల పేర్లు చదివితే మళ్ళీ చదవమన్నాడు. కౌంటీ పోలీసు పెద్ద షెరీఫు, శవపరీక్షల అధికారి, సర్వేయరు, ఎదురు పోటీ లేనివాళ్ళతో సహా ఒక్కొక్కళ్ళూ రెండేసి సార్లు. వెనక వైపు అర పేజీ నిండా రాష్ట్ర రాజ్యాంగ సవరణ, లాయర్ల భాష. అది మొత్తం చదవమన్నాడు. చదివాను. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఇదే వెండెల్, పోలింగ్ బూతులో నలభై సెకన్లలో ఓటేసి వస్తానని జీవితమంతా గొప్పలు చెప్పుకున్నాడు. పార్టీ చూసుకుంటూ టకటకా నింపేయడమే, పేరెవడు చదువుతాడు అనేవాడు.

కవర్లో పెడుతుంటే, ఆగు, తప్పయింది అన్నాడు. ఎక్కడ అన్నాను. సర్వేయరు దగ్గర అన్నాడు. కొత్త బ్యాలెట్ కావాలన్నాడు. ఓటరు అడిగితే ఇవ్వాలి, అది రూలు. పాతదాని మీద చెల్లదని రాశాం, ఇద్దరం సంతకం పెట్టాం. మళ్ళీ మొదటి నుంచి చదివాను. మళ్ళీ జడ్జీలు. మళ్ళీ సవరణ. సర్వేయరు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అదే పేరు చెప్పాడు.

అప్పుడు తలెత్తి వాడి మొహం చూశాను. వాడు కాగితం చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు.

అయిపోయాక, ఇంకో తప్పు అన్నాడు. మూడోదే ఆఖరుదండీ, ఆపైన ఇవ్వడానికి లేదు అన్నారు డెల్బర్ట్ గారు, మెల్లగా. అని కిటికీ దగ్గరికెళ్ళి బయట పక్షుల గింజల డబ్బాని చూస్తూ నిలబడ్డారు. రూలు ప్రకారం ఆయన గదిలోనే ఉన్నారు, అంతవరకూ తప్పేం లేదు.

మూడోది నేనే నెమ్మదిగా చదివాను. వాడు అడక్కుండానే ప్రతి పేరూ రెండుసార్లు. కింద చిన్నక్షరాల్లో సున్నా ఎలా నింపాలో ఉంటుంది కదా, అది కూడా. ఫారం నంబరు కూడా. వేరే ఏమన్నా మాట్లాడటానికి వీల్లేదు, అందుకే ఉన్నదంతా చదివాను. వాడు కళ్ళు మూసుకుని వింటున్నాడు. పేరు పలకడం కష్టమైన చోట, అది ఎన్నో పేరో వేళ్ళు ఎత్తి చూపించాడు. మూడుసార్లూ ఒకటే ఓటు. ఒక్క గడి మారలేదు.

ఎడం చేత్తో వంకరగా సంతకం పెట్టాడు. కవరు అంటించాం. ధన్యవాదాలు మిస్టర్ స్టకీ అన్నాను. నా చెయ్యి కవరు మీద ఉంది. దాని మీద వాడి మంచి చెయ్యి పెట్టాడు, తీశాడు. మిగతా ముగ్గురి గదులకీ ఎలా వెళ్ళానో, ఎవరికి ఏం చదివానో గుర్తులేదు.

కారులో డెల్బర్ట్ గారు బిస్కట్లు తీయలేదు. మా వీధి మలుపు తిరిగాక, చూడ్డానికి పది నుంచి నాలుగు దాకా వెళ్ళొచ్చట, ఆదివారాలు కూడానట, గోడ మీద రాసుంది అన్నారు. చూశానండీ అన్నాను.

అక్టోబర్ 23, బుధవారం

వెళ్ళలేదు.

అక్టోబర్ 27, ఆదివారం

వర్షం. వర్షం అని వెళ్ళలేదు. అబద్ధం, పది నిమిషాలు పడి ఆగిపోయింది.

నవంబర్ 2, శనివారం

వంటగదిలో నిలబడి ఆలోచించాను. ఎలక్షన్ అయ్యేలోపు వెళ్ళాలి. తర్వాతైతే, మావాళ్ళు గెలిస్తే ఎగతాళికి వచ్చానంటాడు, ఓడిపోతే ఓదార్పుకి వచ్చానంటాడు. ఇప్పుడైతే అదేం ఉండదు. ఇంత తెలిసి కూడా కోటు వేసుకుని మళ్ళీ విప్పేశాను. భయం. వాడు తిడతాడని కాదు. బ్యాలెట్ లేకుండా మేమిద్దరం ఆ గదిలో ఎదురెదురుగా కూర్చుంటే ఒక్క మాట కూడా లేకపోతే? అలా జరిగితే ఇక నాకు ఎవరూ లేనట్టే. ఇప్పుడన్నా ఉన్నాడు అనుకోవచ్చు.

నవంబర్ 5, మంగళవారం. తెల్లవారుజామున 4:40

పోలింగ్ బూతు డ్యూటీకి వెళ్తున్నాను. థర్మాస్, స్వెట్టర్, దగ్గు బిళ్ళలు.

నవంబర్ 6, బుధవారం

గెలిచినవాళ్ళు గెలిచారు. ఒక చానెల్లో ఏడుస్తున్నారు, ఒక చానెల్లో చంకలు గుద్దుకుంటున్నారు. రెండింటినీ పావుగంట చూసి ఆపేశాను. పగటిపూట ఈ టీవీ ఆపడం మా ఆయన రే పోయాక ఇదే మొదటిసారి. ఫ్రిజ్ ఇంత చప్పుడు చేస్తుందని నాకు తెలియదు.

నవంబర్ 10, ఆదివారం

వెళ్ళాను. బ్యాడ్జి లేదు, పక్కన డెల్బర్ట్ గారు లేరు. గుమ్మంలో నిలబడిపోయాను. చదవడానికి ఏం తెచ్చావే అన్నాడు వెండెల్. ఏమీ తేలేదు. బ్యాగంతా వెతికితే నా బీపీ మాత్రల డబ్బాలో మడిచిన కాగితం దొరికింది. కుర్చీ దగ్గరికి లాక్కుని చదివాను. ఎవరు వేసుకోకూడదు, ఎప్పుడు వేసుకోవాలి, కళ్ళు తిరిగితే ఏం చేయాలి. వెనక వైపు కూడా.

ఏదో తప్పు చదివావు అన్నాడు.

మళ్ళీ మొదటి నుంచి చదివాను.