మందుల ఖాతా

చి.ల.సౌ. నిర్మలకు నీ భర్త బాలకిషన్ దీవించి రాయునది.

ఉప్పర్వాహి క్వార్టర్‌లో నేను క్షేమం. విరూర్‌లో నువ్వు, అత్తమ్మ, బావమరిది మల్లేష్ క్షేమమని తలుస్తాను. వండుకుంటున్నావా అని అడిగావు. పప్పు మాడ్చుకుని తింటున్నాను. చేతికి పిండికట్టు విప్పగానే వచ్చేస్తానన్నావు. దానికి జవాబు చివర్లో రాస్తాను.

నీ కుట్టుపని డబ్బుతో కొన్న పాత కంప్యూటర్‌లో ఇంటి లెక్కల ప్రోగ్రామ్ పెట్టుకున్నావు. నెట్ అక్కర్లేదు, రాసింది ఈ డబ్బా దాటి పోదు, పాస్‌వర్డ్ లేకపోతే తయారుచేసినవాడు కూడా తెరవలేడు అని నువ్వు మురిసిపోతూ చెప్పినప్పుడే నాకు కడుపు మండింది. మల్లేష్ పత్తి చేనుకు నా జీతం దోచిపెడుతున్నావని అనుకున్నాను.

"మొగనికి తెల్వని లెక్క ఏందే? పాస్‌వర్డ్ చెప్తవా, లేదా?"

"చూడకు. నీకే మంచిగుండదు."

జుట్టు పట్టి గోడకు కొట్టాను. చెప్పలేదు. చెయ్యి మెలితిప్పాను. ఎముక విరిగిన చప్పుడు నాకూ వినబడింది. అయినా వదల్లేదు.

మొన్నటి ఉత్తరంలో పాస్‌వర్డ్ నువ్వే రాసి పంపావు, అనుమానం తీర్చుకోమని. తెరిచాను. మల్లేష్ పేరున పైసా లేదు. మందులు అని ఒక ఖాతా ఉంది, ఆరేళ్లది. హోలీ నాడు పెదవికి కుట్లు, నాలుగు వందలు. పోళా ఎడ్ల పండుగ నాడు విరిగిన పన్నుకు, ఆరు వందలు. అంతా కుట్టుపని డబ్బే. డాక్టర్‌కు ఏం చెప్పావో కూడా పక్కన ఉంది: మెట్ల మీద పడ్డాను, బాత్రూంలో జారాను. చెప్పిన అబద్ధమే మళ్లీ చెప్పకుండా రాసుకున్నావు. నా పరువు దాచడానికే ఆ పాస్‌వర్డ్.

నిర్మలా, ఇది ఎవరికీ చెప్పలేదు. అది చదివితే మనిషన్నవాడికి సిగ్గు రావాలి. నాకు కోపం వచ్చింది. నా మీద లెక్క రాస్తుందా అని రోకలి తీసుకుని కంప్యూటర్‌ను తుక్కుతుక్కు చేశాను. అద్దం గుచ్చుకుని అరచెయ్యి చీలింది. ఇంట్లో నువ్వుంటే ఆ దెబ్బలు నీ తల మీద పడేవి. భయమేసింది.

కుట్టుమిషన్ సొరుగులో ఆ లెక్కల నకలున్న పెన్‌డ్రైవ్ ఉందని రాశావు. దాన్ని ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. మల్లేష్‌ను తీసుకుని ఠాణాకు వెళ్లు. వాళ్లు పిలిస్తే నేను కాదనను.

నువ్వు రావద్దు. కొన్నాళ్లకు మారిపోయానని, వచ్చెయ్యమని నేనే రాస్తాను. నా సంగతి నాకు తెలుసు. ఆ ఉత్తరం నమ్మకు.

ఇట్లు,
నిన్ను కట్టుకున్నవాడు,
బాలకిషన్