వార్డెను కంట పడకూడని పేరు

పెనుకొండ, 1979 ఆగస్టు, మంగళవారం

ఈ పొద్దు నా తప్పుకు ఇంకొకామె ఉద్యోగం పోయేది. జవాను ఖాదరన్నకు టీ పిచ్చి ఉండబట్టి సరిపోయింది.

ఆఫీసులో రొద్దం హాస్టలు వార్డెనుకు మెమో టైపు కొట్టినా. పిల్లోళ్ల బియ్యం బయట అమ్ముతాండావని ఫిర్యాదు వచ్చింది, సంజాయిషీ ఇమ్మని. ఫిర్యాదు చేసిన ఆ హాస్టలు వంటామెకు గుట్టుగా ఒక కాపీ పోవల్ల. అట్లాంటప్పుడు వార్డెనుకు పోయే పైకాగితం, కార్బను తీసేసి, కింది కాపీ మీదనే ఆమె పేరు కొట్టల్ల. ఆమె కాపీ కవర్లో పెడతా చూస్తే, పేరు రిబ్బను సిరాతో కాదు, కార్బను మసితో పడిండాది. అంటే వార్డెను కాగితం మీద కూడా పడిందన్నమాట! వార్డెను కవరు తీస్కొని ఖాదరన్న అప్పటికే పోస్టాఫీసుకు పోయిండాడు. పరిగెత్తినా.

పోస్టాఫీసు ఎదురుగా ఖాదరన్న టీ తాగుతాండాడు, కవరు చంకలో.

“ఏమ్మా, కుక్క తరిమిందా?”

“ముందు ఆ కవరియ్యన్నా!”

మళ్లా కొట్టి పంపినా. పాత కాగితం, దాంతోపాటు కార్బను కూడా ఇంటికి తెచ్చి పొయ్యిలో ఏసినా. ఒక్కసారే వాడిన కార్బను వెలుతురుకు పెడితే పేరు చదవొచ్చు మరి.

ఇప్పుడు ప్రాణం కుదుటపడింది. కానీ పోయిన నెల కొట్టిన ఇట్లాంటిదే ఇంకో మెమోకు పైకాగితం తీసినానా... తీసే ఉంటాలే.

వంటామె పేరు ఈడ కూడా రాయను.